పై అంకె ఒక్కటే చదివాను

కొలిచే పరికరాన్ని ఎప్పుడు నమ్మాలో ఎప్పుడు అనుమానించాలో పిల్లలకు నేర్పడం నా ఉద్యోగం. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టార్ని. స్క్రూగేజి చేతికిచ్చి, కొలత తీసే ముందు శూన్యాంశ దోషం చూసుకోండర్రా అని సర్వీసంతా చెబుతూనే వచ్చాను. అలాంటివాణ్ని, కన్నతండ్రి దగ్గరకొచ్చేసరికి ఒక చిన్న పరికరం మీది అంకెను పట్టుకుని వేలాడాను. ఇందులో తప్పు ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు. ఆసుపత్రివాళ్లు చెప్పాల్సింది చెప్పే పంపారు. అమ్మ చూడాల్సింది చూసింది. నాన్న తన నోటితోనే చెప్పాడు. విననివాణ్ని నేను.

నాన్న నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. కృష్ణ తూర్పు డెల్టా కాలువ మీద, లాకుల దగ్గర పని. రిటైరయ్యాక కూడా సాయంత్రం కరకట్ట ఎక్కి ఏట్లో నీళ్లెంతున్నాయో చూసొస్తే గానీ ఆయనకు పొద్దుగడిచేది కాదు. ఒక ఏడాది ఆ కట్ట ఎక్కుతుంటే సగంలో ఆగిపోవడం మొదలైంది. ఛాతీ పట్టేసినట్టుంటోందన్నాడు. ఒకరోజు కళ్లు తిరిగి కట్ట మీదే కూర్చుండిపోయాడు. ఎకో తీస్తే తేలిందేమిటంటే, గుండెలోంచి ఒంటికంతా రక్తం వెళ్లే పెద్ద ధమని మొదట్లో ఉండే వాల్వు సున్నం పట్టి బిగుసుకుపోయింది. ఆపరేషనే మార్గమన్నారు. నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. 2016లో పద్మశ్రీ అందుకున్న డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో పేదలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసిన సంగతి అప్పట్లో పేపర్లలో చదివినవాడే. గుండె కోయించుకున్నవాళ్లు మళ్లీ పొలం పనికి వెళ్తున్నారన్న నమ్మకం మా దివిసీమ చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే కుదిరింది. భయమంతా నాదే.

బెజవాడలో ఆపరేషనయింది. రొమ్ము ఎముక కోసి, గుండెను ఆపి, రక్తాన్ని కాసేపు మిషను మీద తిప్పి, పాత వాల్వు తీసేసి లోహపు వాల్వు కుట్టారు. ఐసీయూలో నాన్నను మొదటిసారి చూడనిచ్చినప్పుడు నేను ఆయన ముఖం చూడలేదు. తలవైపు గోడకున్న తెర చూశాను. ఒక గీత గుండె కొట్టుకోవడం, ఒక గీత రక్తపోటు, ఒకటి మెడ దగ్గరి పెద్ద సిరలో ఒత్తిడి, ఇంకొకటి ఆక్సిజన్. తెలిసిన భాష కనిపించగానే ప్రాణం కుదుటపడింది. అంకెలు, గ్రాఫులు, ప్రమాణాలు. మంచం మీద పడుకున్న మనిషి కంటే ఆ తెరే నాకు దగ్గరగా అనిపించింది. నా బుద్ధి అక్కడే గాడి తప్పింది.

రెండోసారి లోపలికి పంపినప్పుడు దుప్పట్లు మార్చడానికి మంచాన్ని కిందికి దించారు. చూస్తుండగానే రక్తపోటు 112 నుంచి 92కి పడిపోయింది. కాళ్లూ చేతులూ ఆడలేదు, సిస్టర్ని కేకేశాను. ఆ అమ్మాయి కంగారు పడలేదు. ముందు నాన్న ముఖం చూసింది, మణికట్టు పట్టుకుంది. తర్వాత స్టాండుకు బిగించి ఉన్న చిన్న ప్లాస్టిక్ పెట్టెను కిందికి జరిపి, చంక మధ్యగీత మీద గుండె ఉండే ఎత్తుకు సరిచేసి, సున్నాకు సెట్ చేసింది. అంకె మళ్లీ 110 దాటింది.

నాన్న మణికట్టు ధమనిలో సన్నటి గొట్టం. దాన్నుంచి సెలైను నిండిన ట్యూబు ఆ పెట్టెదాకా. లోపలి ఒత్తిడి ఆ నీటి స్తంభం గుండా పెట్టెకు చేరితే పెట్టె దాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. మంచం దిగింది, స్టాండుకున్న పెట్టె పైనే ఉండిపోయింది. పదమూడున్నర సెంటీమీటర్ల నీటి ఎత్తు పది మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. జానెడు పైచిలుకు తేడా వస్తే ఇరవై పోయినట్టే. పదో తరగతి పిల్లాడు చేయగల లెక్క. నాన్నకు ఏమీ కాలేదు, సున్నా మారింది, అంతే. నేను సర్వీసంతా బోర్డు మీద రాసిన పాఠమే నా కళ్లముందు జరిగింది. దాన్నుంచి నేను నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు. ఆ సిస్టరు తెర కంటే ముందు మనిషిని ముట్టుకుందన్న సంగతి కూడా అప్పుడు నా బుర్రకెక్కలేదు.

పైగా డాక్టర్లకే పాఠం చెప్పబోయాను. రాత్రి ఫోన్లో వెతికి, గుండెలోంచి ఊపిరితిత్తుల ధమని దాకా దూర్చే స్వాన్-గాంజ్ అనే గొట్టం ఒకటుందని చదివాను. తెల్లారి మత్తు డాక్టరుగారు రౌండ్సుకొస్తే, మా నాన్నగారికి అది ఎందుకు పెట్టలేదని నిలదీశాను. డబ్బుకు వెనకాడతామనుకున్నారేమో అన్న అనుమానం కూడా నా గొంతులో ఉంది. ఆయన విసుక్కోలేదు. డ్యూటీ అయ్యాక కారిడార్లో కూర్చోబెట్టి చెప్పారు.

స్వాన్, గాంజ్ ఇద్దరూ అమెరికాలో లాస్ ఏంజెలెస్ డాక్టర్లు. సముద్రం మీద గాలివాటుకు సాగే తెరచాప పడవలను చూసి, గొట్టం కొసకు చిన్న బుడగ కట్టి వదిలితే రక్తప్రవాహమే దాన్ని ముందుకు తీసుకుపోతుందన్న ఆలోచన స్వాన్‌కు వచ్చిందట. 1970లో ఆ పరికరం గురించి ప్రచురించారు. మంచం దగ్గరే గుండె లోపలి ఒత్తిళ్లు కొలిచే వీలు వచ్చేసరికి ప్రపంచమంతా ఎగబడింది. పాతికేళ్లపాటు దాన్ని పెట్టడమే మంచి వైద్యమన్న నమ్మకం. 1996లో అమెరికాలో కానర్స్ బృందం వేలమంది రోగుల వివరాలు పోల్చి చూస్తే, ఆ గొట్టం పెట్టినవాళ్లలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. జబ్బు ముదిరినవాళ్లకే పెడతారు కాబట్టి అలా ఉంటుందేమోనని వాదన లేచింది. ఆ వాదన తేల్చడానికి బ్రిటన్‌లో చీటీ వేసినట్టు కొందరికి పెట్టి, కొందరికి పెట్టకుండా చూశారు. 2005లో వచ్చిన ఆ ఫలితంలో బతికి బయటపడేవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. గొట్టం వల్ల గుండె లయ తప్పొచ్చు, లోపల ముడి పడొచ్చు, అరుదుగానైనా ఊపిరితిత్తుల ధమని చిట్లొచ్చు. చిట్లితే మనిషి దక్కడం కష్టం. అవసరమున్న గుండెలు కొన్ని ఉంటాయి, వాటికి ఇప్పటికీ పెడతామని, మీ నాన్నగారికి ఆ అవసరం లేదని చెప్పారు.

"మాస్టారూ, మేం పెట్టే ప్రతి గొట్టం మాకు కబురు తెచ్చే దారే. క్రిములకూ అదే దారి. కబురుతో పని తీరాక దారి మూసెయ్యాలి," అన్నారు.

అర్థమైనట్టు తలూపాను. ఆ మర్నాడే నాన్న మెడలోని లైను తీసేస్తామంటే అడ్డుపడ్డాను. ఇంకొక్క రోజు ఉంచండి సార్, చూసుకోవడానికి ఉంటుంది కదా అని బతిమాలాను. ఎన్ని తీగలుంటే నాన్న అంత భద్రంగా ఉన్నట్టు నాకు. ఆయన ఒప్పుకోలేదు, తీసేశారు. మనసులో కోపం పెట్టుకున్నాను. తర్వాత తెలుసుకున్నాను, ఆయనదే ముమ్మాటికీ సరైన పని అని. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో ప్రొనొవోస్ట్ అనే డాక్టరు పెట్టించిన నియమాలు చాలా మామూలువి. చేతులు కడుక్కోవడం, గొట్టం పెట్టేటప్పుడు రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర పెట్టకపోవడం, అక్కర్లేని గొట్టం వెంటనే తీసేయడం. 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం, వెయ్యి గొట్టపు రోజులకు 2.7గా ఉన్న రక్తపు ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకు దిగింది. ఆ అయిదింటిలో చివరిదాన్నే నేను ఆపబోయాను. నా భయాన్ని తీర్చుకోవడానికి నాన్న మెడలో గొట్టం ఉంచమన్నాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంటికి తెచ్చాక తెర లేదు. ఇల్లంతా చీకటైపోయినట్టనిపించింది. 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు కొన్న ఆక్సీమీటరు బీరువాలో ఉంది. దాన్ని బయటికి తీసి, నోటుబుక్కులో గళ్లు గీశాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు. 97, 98, 97, 96. పేజీలు నిండుతుంటే ధైర్యం పెరిగింది.

నాన్న రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నాడు. లోహపు వాల్వు ఉన్నవాళ్లకు అది జీవితాంతం తప్పదు. తక్కువైతే వాల్వు మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే ఎక్కడో ఒకచోట రక్తం కారుతుంది. అందుకని ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయించి మోతాదు సరిచూసుకోమని కాగితం మీద తేదీ రాసి, కింద గీత కూడా గీసి ఇచ్చారు. ఆ పరీక్షకు చల్లపల్లి వెళ్లాలి, నాన్నను బండెక్కించాలి, సూది గుచ్చాలి. అప్పుడే కుట్లు మానుతున్న మనిషిని కుదుపులతో తిప్పడం ఎందుకు, అంకెలన్నీ బాగానే ఉన్నాయి కదా, వారం పోయాక చూద్దాంలే అన్నాను. నిజంగా చూడాల్సిన అంకెను వాయిదా వేసి, దానికి ఏ సంబంధమూ లేని అంకెను రోజుకు నాలుగుసార్లు రాసుకున్నాను.

నాన్నకు తిండి సయించడం మానేసింది. మజ్జిగన్నం కలిపిస్తే రెండు ముద్దలు తిని పక్కన పెట్టేవాడు. ఆపరేషన్ నీరసమనుకున్నాను. గడ్డం గీస్తుంటే మెడ పక్క నరం ఉబ్బి కనబడింది. కాస్త ఒళ్లు చేస్తున్నాడనుకున్నాను. రాత్రుళ్లు వెల్లకిలా పడుకోలేక, గోడకు దిండ్లు పెట్టించుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. రొమ్ము కుట్ల నొప్పి అనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక సమాధానం ఉంది.

ఆ రోజు సాయంత్రం నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒరే అబ్బాయ్, లోపల ఏదో తేడాగా ఉందిరా. ఏంటని చెప్పలేను. బాలేదు," అన్నాడు. ఆక్సీమీటరు పెట్టాను. గీతలు కనిపిస్తున్నాయి గానీ అంకె రాదు. వేలు మార్చాను. రాలేదు. అప్పుడు నేను చేసిన పనిని ఎంత దాచుకుందామన్నా మనసు దాచనివ్వదు. చల్లబడి ఉన్న ఆ వేలిని నా రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా రుద్దాను. వేడి పుట్టేదాకా రుద్ది, మళ్లీ పెట్టాను. వచ్చింది. పైన 97. కింద 118.

"చూడు నాన్నా, తొంభై ఏడు. బ్రహ్మాండంగా ఉంది. పడుకో," అన్నాను.

నాన్న ఇంకేం మాట్లాడలేదు. చదువుకున్న కొడుకు చెబుతున్నాడు, పరికరం కూడా చెబుతోంది. ఎవరితో వాదిస్తాడు?

అమ్మ ఊరుకోలేదు. "చేతులు చూడరా, ఎంత చల్లగా ఉన్నాయో. పొద్దుట్నించీ ఒంటేలుక్కూడా లేవలేదు మీ నాన్న. పిలిస్తే పలకడానిక్కూడా ఓపిక లేదు," అంది. "అమ్మా, తొంభై ఏడుందే," అని మళ్లీ అదే మాట అన్నాను. ఆవిడ నా ముఖం చూసి, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లి, మేమంతా డాక్టరుగారనే పిలిచే మా ఊరి ఆర్ఎంపీని వెంటబెట్టుకొచ్చింది. పెద్దాయన. పరికరం వైపు చూడలేదు. నాన్న మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. "ఊపిరి పీల్చినప్పుడల్లా నాడి జారిపోతోంది మాస్టారూ. నాకిది బాగాలేదు. నిలబడొద్దు, బెజవాడ తీసుకుపోండి," అన్నాడు.

ఇంటి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేస్తే కొత్తగా డ్యూటీలో ఉన్న అబ్బాయి, శ్రీకాకుళమంటే విశాఖ వెళ్లడం దగ్గర కదండీ అన్నాడు. మా ఊరికి ఇది మామూలే. జిల్లా పేరున్న శ్రీకాకుళం అక్కడెక్కడో ఉత్తరాన ఉంది. మా శ్రీకాకుళం ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున, శాతవాహనుల కాలం పేరు చెప్పుకునే చిన్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నది మా గుళ్లోనే. వేరే రోజైతే ఇదంతా గర్వంగా చెప్పేవాణ్ని. ఆ రాత్రి కృష్ణా జిల్లా, కృష్ణా జిల్లా అని అరుస్తూనే కారు కరకట్ట రోడ్డెక్కించాను.

ఎకో పెట్టగానే తెర మీద గుండె చుట్టూ నల్లటి ఖాళీ కనిపించింది. ఐఎన్ఆర్ 6 దాటింది. గుండెను కప్పి ఉండే సంచిలో రోజుల తరబడి కొద్దికొద్దిగా రక్తం ఊరి, గుండెను బయటినుంచి నొక్కేస్తోంది. లోపలికి రావాల్సిన రక్తానికి చోటు లేదు. రానిది పోనూ పోదు. అందుకే మెడ సిరలు ఉబ్బాయి, చేతులు చల్లబడ్డాయి, మూత్రం ఆగింది, గుండె ఒక్కో స్పందనకు తోసే రక్తం తగ్గిపోయి ఎక్కువసార్లు కొట్టుకుంటోంది. నేను చదవకుండా వదిలేసిన కింది అంకె, ఆ 118, చెబుతున్నది అదే. గాలి పీల్చినప్పుడు నాడి జారడాన్ని 1873లోనే కుస్మావుల్ అనే జర్మన్ వైద్యుడు రాసిపెట్టాడు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లలో ఇలా గుండె సంచిలో రక్తం ఊరడం ఆపరేషనైన మొదటి వారం దాటాక, ఇంటికెళ్లాక కూడా జరగొచ్చని, మొదట్లో ఉత్త నీరసంలాగే ఉంటుందని సర్జన్ చెప్పారు.

మరి తొంభై ఏడు? అదీ అబద్ధం కాదు. 1974లో జపాన్‌లో తకువో అయోయాగి ప్రకటించిన పద్ధతి అది. ఎర్ర కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలి గుండా పంపి, నాడి కొట్టుకున్నప్పుడు మారే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని, రక్తంలోని హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్ మోస్తోందో చెబుతుంది. ఎంత రక్తం వస్తోందో చెప్పదు. నాన్న ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, అక్కడికి చేరిన కాస్త రక్తమూ ఆక్సిజన్ నింపుకునే వస్తోంది. పైగా నల్లటి ఒంటివాళ్లలో ఈ పరికరం ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశముందని 2020 డిసెంబరులో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. మా ఎండల్లో పనిచేసినవాళ్లంతా తెలుసుకోవాల్సిన సంగతి. నాన్న విషయంలో మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. ఆ పరికరం తన పరిమితి తానే చెప్పింది, వేలు చల్లగా ఉంది, నాడి అందడం లేదు అని. నేను ఆ వేలిని రుద్ది దాని నోరు మూయించాను.

ఐసీయూ బయట కూర్చున్నప్పుడు చిన్నప్పటి లాకులు గుర్తొచ్చాయి. సెలవుల్లో నాన్నతో వెళ్లేవాణ్ని. రాతి గోడ మీద అడుగులు, అంగుళాలు గీసిన గేజి. ఒక ఏడాది నాట్లప్పుడు గేజి నిండుగా చూపిస్తోంటే కింది ఆయకట్టు రైతులు చుక్క నీరు రావడం లేదని గోలపెట్టారు. పై ఆఫీసుకు రాసిన అంకె చూసి, నీళ్లున్నాయిగా అన్నారు అక్కడివాళ్లు. నాన్న ఎవరితోనూ వాదించకుండా కట్ట వెంబడి నడుచుకుంటూ పోయాడు, వెనకాల నేను. వంతెన ఖానాల్లో గుర్రపుడెక్క అడ్డంగా పేరుకుపోయి ఉంది. దాని ఎగువన నీళ్లు ఎగదన్ని గేజి దగ్గర నిండుగా నిలబడ్డాయి, దిగువన కాలువ బురద తేలింది. గేజి పెరిగిందంటే నీళ్లు పారుతున్నట్టు కాదురా, నిలబడ్డాయని కూడా అవ్వొచ్చు, కట్ట దిగి చూడాల అన్నాడు. నాన్న గుండెలో జరిగింది అచ్చం అదే. ఎగువన సిరల్లో నిండుగా, దిగువన వేళ్లకొసలు ఎండిపోయి. ఆ కట్ట మీద ఆయన వెనకాలే నడిచిన నేను, ఆయన పక్కనే కూర్చుని కట్ట దిగి చూడలేదు.

రొమ్ము కింద కుట్లు కొంతమేర విప్పి, నల్లబడిన పాత రక్తం అర లీటరుకు పైనే తీశారు. తీస్తుండగానే రక్తపోటు లేచిందట. నాన్న బతికాడు. ఇంకో అరపూట ఆలస్యమై ఉంటే అన్న మాటను సర్జన్ పూర్తిచేయలేదు.

నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. నేనే ఒకరోజు అడిగాను, ఆ సాయంత్రం బాలేదని గట్టిగా ఎందుకు చెప్పలేదు నాన్నా అని. "చెప్పాగా," అన్నాడు. అంతకుమించి అనడానికి ఏముంది గనక. నేను ఆ ప్రశ్న అడగడం కూడా తప్పే. తప్పును సగం ఆయన మీదికి తోయబోయిన ప్రశ్న అది.

నోటుబుక్కు మార్చాను. ఇప్పుడు మొదటి గడిలో నాన్న తన మాటల్లో ఏం చెప్పాడో అది రాస్తాను. తర్వాత ఎన్ని దిండ్లతో పడుకున్నాడు, ఎంత తిన్నాడు, మూత్రానికి ఎన్నిసార్లు లేచాడు, బరువెంత, చేతులు వెచ్చగా ఉన్నాయా, నాడి ఎంత. ఐఎన్ఆర్ తేదీకి ఎర్ర సిరా. ఆక్సిజన్ గడి చివర్న ఉంది. అది పనికిమాలిన పరికరమని నేననను. కరోనాలో మా ఊళ్లో ఆయాసం తెలియకముందే జబ్బు పట్టిచ్చి ఎందరినో ఆసుపత్రికి చేర్చింది అదే.

చుట్టుపక్కల ఊళ్లలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్ల ఇళ్ల నుంచి నాకు ఫోన్లు వస్తుంటాయి. మొన్న కొడాలి నుంచి నా పాత విద్యార్థి చేశాడు. వాళ్లమ్మకు వాల్వు మార్చి ఇంటికి పంపారు. "ఆక్సిజన్ 98 ఉంది మాస్టారూ, కానీ అమ్మ బాలేదంటోంది," అన్నాడు. రాత్రి పడుకోగలిగిందా అని అడిగాను. కూర్చునే ఉందన్నాడు. అన్నం తిందా? లేదు. ఐఎన్ఆర్ ఎప్పుడు చేయించారు? తప్పిపోయింది మాస్టారూ, వచ్చే వారం వెళ్దామనుకుంటున్నాం అన్నాడు. ఇప్పుడే బయల్దేరరా అన్నాను. "అంకె బాగానే ఉంది కదండీ," అన్నాడు. అంకె గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు కారు మాట్లాడు అని ఫోన్ పెట్టేసి, ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి కబురు చేయడానికి నంబరు వెతుక్కున్నాను.